పొత్తు ధర్మం గారికి ఒక మండల కార్యదర్శి మనవి

ధర్మం గారూ, నమస్కారం.

మొన్న ఆదివారం ఫంక్షన్ హాల్లో జరిగిన ఉమ్మడి సమావేశంలో తమరి పేరు పదకొండుసార్లు వినబడింది. లెక్కపెట్టాను, వేరే పనేముంది? రెండింటికి రమ్మన్నారు. పెద్ద పార్టీ ఇన్‌చార్జి గారు ఐదున్నరకు దిగారు. అప్పటిదాకా మా పార్టీవాళ్లం ఇరవై రెండు మందిమి, కూలర్ గాలి తగలని మూలన మజ్జిగ ప్యాకెట్లు పీల్చుకుంటూ తమరి రాక కోసమే చూశాం. స్టేజీ మీది ఫ్లెక్సీలో మా అధ్యక్షుడి ఫొటో కూడా వేశారు, కాదనను. పోస్టు కార్డు మీద స్టాంపు అంత. దానికీ మైకు స్టాండు అడ్డం.

ఆయన మైకు అందుకుని, "మిత్రులు పొత్తు ధర్మం పాటించాలి" అన్నారు. మిత్రులంటే మేమే. పాటించడమంటే ఏమిటో కూడా వెంటనే అర్థమైంది. మా ఊరి ఎంపీటీసీ సీటు పొత్తులో పోయింది.

పోయింది! ఎంత మంచి మాట కనిపెట్టారండీ. వానకు వడ్లు పోయినట్టు, అప్పుకు పొలం పోయినట్టు, పొత్తుకు సీటు పోతుంది. ఎవడూ ఇవ్వడు, ఎవడూ తీసుకోడు, దానంతటదే పోతుంది. అసెంబ్లీకి రెండుసార్లు పోయింది, ఎంపీటీసీకి ఇది రెండోసారి. మొదటిసారి పోయినప్పుడు నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

ఊరికే తమరి మీద పడి ఏడుస్తున్నానని అనుకోకండి. తమరి చరిత్రే అలాంటిది. 2004లో టీఆర్ఎస్ కాంగ్రెస్‌తో కలిసి 26 అసెంబ్లీ సీట్లు గెలిచింది. 2009లో అటునుంచి ఇటు దూకి టీడీపీ, కమ్యూనిస్టులతో మహాకూటమి కడితే 10 మిగిలాయి. 2018లో ప్రజాకూటమని నాలుగు పార్టీలు కూర్చున్నాయి. నామినేషన్ల గడువు నెత్తి మీదికి వచ్చేదాకా లెక్క తెగలేదు. చివరికి కొన్నిచోట్ల కూటమివాళ్ల మీద కూటమివాళ్లే నిలబడ్డారు. దానికి తమరు పెట్టిన ముద్దుపేరు 'స్నేహపూర్వక పోటీ'. (మా ఊళ్లో గట్టు తగాదాలో అన్నదమ్ములు కర్రలు తీస్తే దాన్ని స్నేహపూర్వక తలపగలడం అనం మరి.) ఫలితం: కాంగ్రెస్‌కు 19, టీడీపీకి 2, మిగిలిన ఇద్దరికీ గుండుసున్నా. 2022లో మునుగోడు ఉప ఎన్నికకు కమ్యూనిస్టులు టీఆర్ఎస్ వెంట నడిచారు. మరుసటి ఆగస్టులో, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న అదే పార్టీ, 119 సీట్లకుగాను 115 చోట్ల తనవాళ్ల పేర్లే ఒకే రోజు చదివేసింది. వెంట నడిచినవాళ్లు అలా నడుస్తూనే ఉన్నారు.

పక్క రాష్ట్రంలో 2024లో జనసేనకు మొదట 24 అసెంబ్లీ సీట్లన్నారు. బీజేపీ వచ్చి కలిశాక అవి 21 అయ్యాయి, ఎంపీ సీట్లు మూడు కాస్తా రెండయ్యాయి. ఇక్కడ మాత్రం నేను నోరు మూసుకోవాలి, ఎందుకంటే ఆ 21కి 21 గెలిచారు. అదే మా కొంప ముంచింది. ఆ రోజు నుంచి మా అధ్యక్షుడికి అదే జపం. "తక్కువ తీసుకుందాం, తీసుకున్నవన్నీ గెలుద్దాం." మా మండలంలో తీసుకున్నది సున్నా. సున్నాకు సున్నా గెలిస్తే అదీ నూటికి నూరే, సందేహం లేదు.

సీటు పోయినందుకు కాదండీ ఈ ఉత్తరం. పోవడం అలవాటైంది. సమావేశం ముగిశాక చెప్పుల దగ్గర జరిగింది చెప్తా వినండి.

నా దగ్గర మా ఊరి ఓటరు జాబితా జిరాక్సు ఒకటుంది. అంచులు చిరిగితే మా అమ్మాయి సెల్లోటేపు వేసింది. ప్రతి పేరు పక్కన పెన్సిలు గుర్తు: మనవాళ్లయితే టిక్కు, కాకపోతే ఇంటు, తేలనివాళ్లకు ప్రశ్నార్థకం. మూడో వార్డులో ప్రశ్నార్థకాలను టిక్కులుగా మార్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది నాకు. పింఛను ఆగిన ముసలమ్మను బండి మీద ఎక్కించుకుని ఎంపీడీవో ఆఫీసుకు మూడుసార్లు తిప్పితే ఒక టిక్కు. రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కిస్తే ఇంకో మూడు. చావుకు వెళ్లాను, పురుడుకు వెళ్లాను, పిలవని పెళ్లికి కూడా వెళ్లాను.

ఇప్పుడు ఆ సీటు ఎవరికిచ్చారో తెలుసా? చెరువు శిఖం భూమిలో కడీలు పాతి చుట్టూ తీగ లాగిన పెద్దమనిషికి. ఆయన మీద తహసీల్దారుకు అర్జీ పెట్టింది నేనే. ఆ మహానుభావుడు నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, ఆ లిస్టు ఒక్కసారి ఇస్తే ఫోన్ల ఫొటో కొట్టుకుంటం" అన్నాడు. పక్కనున్న ఇన్‌చార్జి గారు నవ్వి, "పొత్తు ధర్మం కదా" అన్నారు. పన్నెండోసారి.

ఏం ధర్మమయ్యా నీది? ఇద్దరన్నదమ్ములు ఉమ్మడిగా గేదెను కొని, ముందు సగం తమ్ముడిది, వెనక సగం అన్నది అని పంచుకున్న కథ తెలుసు కదా. గడ్డి వేయడం తమ్ముడి వంతు, పాలు పిండుకోవడం అన్న వంతు. ఆ అన్న కూడా "ఏ వేళకు ఎంత గడ్డి వేస్తావో కాగితం మీద రాసివ్వు తమ్ముడూ" అనలేదు! అడగడానికి నోరెట్లా వచ్చింది? పద్నాలుగు నెలలు! బండి పెట్రోలు నా జేబులోది. పార్టీ ఒక్క రూపాయి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

గెలిచాక మార్కెట్ కమిటీలో డైరెక్టరు పోస్టు చూస్తామన్నారట. పోయినసారి గుడి కమిటీ అన్నారు. దేవుడే మరిచిపోయాడు.

లిస్టు ఇవ్వలేదు. ఇంట్లో వెతికి పంపిస్తానని చెప్పి వచ్చాను. నిన్న రాత్రి మా అధ్యక్షుడు ఫోన్ చేసి, ఇచ్చెయ్యమని బతిమాలాడు. పాపం ఆయనదీ స్టాంపంత ఫొటోయే. ఇంకా ఏమీ చెప్పలేదు. ప్రచారానికి మాత్రం రాక తప్పేట్టు లేదు, మావాళ్లు ఇరవై రెండు మందీ నా మొహమే చూస్తున్నారు.

కాకపోతే ఒక చిన్న మనవి. భుజాన ఏ రంగు కండువా వేసుకోవాలో రెండు రోజుల ముందే కబురు పెట్టించండి. పోయిన ఎన్నికలదాన్ని మా ఆవిడ గ్యాస్ పొయ్యి తుడవడానికి వాడుతోంది, ఉతికి ఆరేయాలి.

ఇట్లు,
వెనక వరసలో, కూలర్‌కు అటుపక్క కూర్చున్నవాడు