రెక్క ముందా, బ్రేకు ముందా

మా బామ్మర్ది ఏపీ 09 నంబరున్న 2001 హోండా సిటీ కొన్నాడు. వీటెక్. కొన్న మూడో రోజుకి డిక్కీ మీద రెక్క పెట్టించాడు, ఐదో రోజుకి వెనక అద్దానికి స్టిక్కర్ వేయించాడు, పదో రోజు మలక్‌పేట సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే బండి వెళ్లి వెళ్లి ముందున్న ఆటోకి బెత్తెడు దూరంలో ఆగింది. ఆటోవాడు వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా నా కళ్లలో ఉంది, ఎందుకంటే పక్క సీట్లో ఉన్నది నేనే. ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు నన్ను చాలా సీరియస్‌గా అడిగాడు: "బావా, నెక్స్ట్ ఏం మాడిఫికేషన్ చేయించాలె?"

ఇది వాడొక్కడి సమస్య కాదు కాబట్టి, అందరికీ పనికొచ్చేలా ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ బండికి ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. సిటీ మన దేశానికి 1998లో వచ్చింది, వీటెక్ ఇంజిన్‌తో 2000లో వచ్చింది. 106 హార్స్‌పవర్. అప్పట్లో మన వీధుల్లో తిరిగే మారుతీ 800కి నలభై కూడా లేవు. ఇంజిన్‌లోకి గాలి వచ్చే తలుపుల్లాంటివి వాల్వులు, వాటిని తోసి తెరిచే లోహపు మిట్ట క్యామ్. తక్కువ వేగంలో వాల్వులని ఒక రకం క్యామ్ నడుపుతుంది, ఇంజిన్ బాగా తిరిగాక ఆయిల్ ఒత్తిడితో లోపల ఒక పిన్ను జరిగి, వాల్వులని ఇంకా ఎత్తుగా, ఇంకా ఎక్కువసేపు తెరిచే రెండో క్యామ్ పని అందుకుంటుంది. వీటెక్ అంటే అదీ. ఇందులో అసలు కీలకం ఆయిల్. ఆయిల్ నల్లగా తారులా అయిపోయి, ఆ దారిలో ఉన్న చిన్న జల్లెడ పూడుకుపోతే పిన్ను జరగదు, రెండో క్యామ్ నిద్రలేవదు. మా వాడి బండిలో సరిగ్గా అదే పరిస్థితి. అంటే వీటెక్ ఇంజిన్‌లో పని చేయడం లేదు, స్టిక్కర్‌లో మాత్రం ఎర్ర రంగులో మెరుస్తోంది. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ఫస్ట్ గేరు, సెకండ్ గేరులోనే బతుకు గడిచిపోతుంది కాబట్టి ఈ సంగతి వాడికి ఏడాది దాకా తెలిసేది కాదు.

పాత జపాన్ కారు ఏదైనా సరే, సిటీ, లాన్సర్, బలెనో, పాత కరోలా, డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేది ఓనరు కాదు, ఇంజిన్ అంతకన్నా కాదు. నలుగురు. "నలుగురూ ఏమనుకుంటారు" అని మన పెద్దలు అంటారే, ఆ నలుగురు. మా వాడి విషయంలో వాళ్లెవరో నేను లెక్క తీశాను. ఒకరు వాచ్‌మన్. ఇంకొకరు మూడో అంతస్తు రిటైర్డ్ లెక్చరర్, ఆయనకి శుక్లాల ఆపరేషన్ ఇంకా కాలేదు. మూడోవాడు పెట్రోల్ బంక్ కుర్రాడు. నాలుగో మనిషి సిగ్నల్ దగ్గర పక్క కారులో ఉంటాడు, అతను ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఈ నలుగురి కోసం మా వాడు ఇప్పటిదాకా డెబ్బై వేలు పెట్టాడు.

రెక్క సంగతే చూడండి. రెక్క గాలిని అడ్డగించి బండిని కిందికి నొక్కుతుంది, అది నిజమే. కానీ ఆ ఒత్తిడి వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో ఎంత ఒత్తిడి ఉంటుందో, దిల్‌సుఖ్‌నగర్‌లో 30లో అందులో పదహారో వంతు ఉంటుంది. పైగా సిటీని లాగేవి ముందు చక్రాలు. వెనక రెక్క నొక్కేది లాగని చక్రాలని. ఇది చెబితే వాడు ఓపిగ్గా విన్నాడు. "లుక్ వస్తది కద బావా" అన్నాడు. నా ఫిజిక్స్ అక్కడితో ఆగింది.

తర్వాత చక్రాలు. పెద్ద రిమ్ము వేస్తే టైరు పక్క గోడ ఎత్తు తగ్గాలి, లేకపోతే మొత్తం చుట్టుకొలత మారి స్పీడోమీటర్ అబద్ధాలు చెబుతుంది. ఉదాహరణకి 175/65 ఆర్14 (175 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం పక్క గోడ, 14 అంగుళాల రిమ్ము) టైరు మొత్తం ఎత్తు సుమారు 583 మిల్లీమీటర్లు, 195/45 ఆర్16 వేస్తే 582. లెక్క కుదిరింది. అయితే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉన్న రబ్బరు 114 మిల్లీమీటర్ల నుంచి 88కి పడిపోయింది. ఆ పోయిన 26 మిల్లీమీటర్లే మన ఊరి గుంతకీ నడుముకీ మధ్య ఉన్న అడ్డుగోడ. మా వాడు ఈ లెక్క చూడకుండానే సెకండ్ హ్యాండ్ అలాయ్‌లు టైర్లతో సహా తెచ్చాడు. "ట్రెడ్ సూడు బావా, కొత్త లెక్కనే ఉంది" అన్నాడు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నేను వంగి చదివాను. 2314. అంటే 2014లో 23వ వారం, జూన్ 2 నుంచి మొదలయ్యే వారం. తెలంగాణ పుట్టిన వారంలోనే ఆ టైర్లూ పుట్టాయి. నిజానికి వాటికి సన్మానం చేయాలి, బండికి మాత్రం వేయకూడదు. రబ్బరు ఎండిపోయి గోరు పెడితే దిగడం లేదు. మలక్‌పేట సిగ్నల్ రహస్యంలో సగం అక్కడే తేలిపోయింది.

మిగతా సగం బ్రేకు ఆయిల్. దాన్ని ఎప్పుడు మార్చారో పాత ఓనరుకి తెలీదు, ఆయనకన్నా పాత ఓనరుకీ తెలిసి ఉండదు. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరైతే పెడల్ మెత్తగా నేలకి దిగుతుంది. ఒక సీసా ఆయిల్, ఒక గంట పని. దాన్ని చూసి మూడో అంతస్తు లెక్చరర్ గారు ముచ్చట పడరు, అదొక్కటే దానిలో లోపం.

ఇక ఉస్తాద్, అంటే మన మెకానిక్. ఆయన పేరు చెప్పను, ప్రతి బస్తీలో ఆయనే ఉన్నాడు. బండి బోనెట్ ఎత్తి ముందుగా చేసిన మాడిఫికేషన్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్ నీళ్లని ఆపి ఉంచే చిన్న తలుపు) పీకి పారేయడం. "సార్, మన దగ్గర ఎండలు ఎక్కువ, ఇది తీసేస్తే ఇంజిన్ సల్లగుంటది" అన్నాడు. ఇంజిన్‌కి చల్లగా ఉండాలని కోరిక లేదు. 80 డిగ్రీల చుట్టుపక్కల వేడెక్కితేనే అది హాయిగా నడుస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే వేడెక్కడానికి ఎంతోసేపు పడుతుంది, అందాకా ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ తెల్లవారుజామున స్టార్ట్ చేసిన బండి అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయింది అని మా వాడు ఏడిస్తే, అదే ఉస్తాద్ దానికి విరుగుడుగా కోన్ ఫిల్టర్, అంటే డబ్బా లేని శంకువు ఆకారం గాలి ఫిల్టర్ అమ్మాడు. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా బయటి గాలిని తెచ్చేది, ఈ కోన్ బోనెట్ కింద ఇంజిన్ వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. వేడి గాలి పలచన, పలచన గాలితో బలం తక్కువ. శబ్దం మాత్రం ఎక్కువ. సరే, చల్ల గాలి కావాలి అంటే గొట్టం బంపర్ కిందికి దించుతారట. వానాకాలంలో రైల్వే బ్రిడ్జి కింద మోకాళ్లలోతు నీళ్లలో ఆ గొట్టం ఏం పీలుస్తుందో ఊహించండి. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్‌ని పట్టుకున్న కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

బండి దించే పథకం కూడా ఉంది. గ్రైండర్‌తో స్ప్రింగు రెండు చుట్లు కోయడం, పది నిమిషాల పని. స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. మా కాలనీలో రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టిన బ్రేకర్ వెడల్పు ఒక అడుగు, ఎత్తు కట్టిన మేస్త్రీ మూడ్‌ని బట్టి. మామూలు సిటీయే దాని మీద పొట్ట రాసుకుంటూ వెళుతుంది. స్ప్రింగు కోశాక అదే బ్రేకర్ మీద తూగుడుబల్లలా నిలబడుతుంది, అప్పుడు నలుగురూ నిజంగానే చూస్తారు, వచ్చి తోస్తారు కూడా.

లైట్ల గురించి ఎక్కువ చెప్పను. 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వేస్తే ఒక్కో బల్బుకి ఐదు ఆంపియర్లు పోయే చోట ఎనిమిది పైన పోతాయి, అదంతా ఇరవై ఏళ్ల నాటి స్విచ్ గుండా. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే అది రేసింగ్ వాసన కాదు. ఉన్న బల్బులకే రిలే (ఎక్కువ కరెంటు పాత స్విచ్ గుండా పోకుండా చూసేది) పెట్టి మంచి వైరు లాగితే చాలు, పసుపు పట్టిన లైటు అద్దం పాలిష్ చేయిస్తే ఇంకా చాలు.

మరి చట్టం సంగతి? బండి మూల స్వరూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే తేల్చి చెప్పింది, ఆ ఏడాదే చట్టం సవరించి అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అన్నారు. మా వాడు ఇది విని భయపడలేదు. "ఒక్కోదానికి ఐదు వేలా" అని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, రెండో చేయి కూడా అవసరం పడింది, అప్పుడు కొంచెం చెమట పట్టింది.

చివరికి వాడి చేత నేను ఏం చేయించానంటే, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ బండిని 2001లో ఎలా ఉండేదో అలా చేయించాను. రాణిగంజ్‌లో రెండు శనివారాలు తిరిగాం. చిరిగిన సస్పెన్షన్ బుష్‌లు (చక్రాల కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు), కారిన షాకబ్జర్లు, ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే, విరిగిన ఇంజిన్ మౌంటింగ్ మార్చాం. ఆ మౌంటింగ్ వల్ల స్టీరింగ్ వణుకుతుంటే వాడు ఇన్నాళ్లూ అది పవర్ అనుకున్నాడు. వాల్వులనీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు మార్చాం, ఎందుకంటే అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి గుద్దుకుంటాయి, ఆ బిల్లు బండి ఖరీదు దాటుతుంది. థర్మోస్టాట్ తిరిగి ఇంట్లోకి వచ్చింది. ఆయిల్, జల్లెడ, బ్రేకు ప్యాడ్లు, ఈ ఏడాది పుట్టిన నాలుగు టైర్లు. ఔటర్ ఎక్కాక థర్డ్ గేరులో తొక్కి పట్టుకుంటే, ఆ రెండో క్యామ్ అందుకున్న చప్పుడు విని వాడు "బావా!" అని అరిచాడు. నేనూ అరిచాను. అద్దం దింపి, మర్యాదగా.

మర్నాడు బండి కడిగి గేటు ముందు పెట్టి నిలబడ్డాడు. వాచ్‌మన్ సలాం కొట్టి వెళ్లిపోయాడు. లెక్చరర్ గారు చూసి, "ఏమయ్యా, ఆ రెక్క తీసేశావేం, బాగుండేది కదా" అన్నారు. బంక్ కుర్రాడు ఏమీ అనలేదు. ఈ రిపేర్లకి అరవై వేలు పెట్టి ఒక్కడి చేతా ఒక్క మెచ్చుకోలు మాట అనిపించుకోలేకపోయానని మా వాడికి ఆ రోజు అన్నం సయించలేదు.

సాయంత్రం నాకు చెప్పకుండా పుత్లీబౌలి వెళ్లి, వెనక అద్దం మీద పెద్ద అక్షరాలతో "కొత్త బుష్‌లు" అని స్టిక్కర్ వేయమన్నాడట. షాపతను కంప్యూటర్ ముందు చేతులు ఆపి, "బుష్ అంటే ఏ దేశం కంపెనీ అన్నా, లోగో ఉందా?" అని అడిగాడట.