భవిత సెంటర్ మండలంలో ఉంది సరే, పిల్లాడి బడిలో ఎవరున్నారు?

మూడో క్లాసు పిల్లాడు. ఈవీఎస్ పాఠం నోటితో అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాడు, డిక్టేషన్ అనగానే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. అమ్మ అని రాయమంటే అమ అని రాస్తాడు, పుస్తకం కాస్తా పుసతకం అయిపోతుంది, ప కీ వ కీ ఘ కీ తేడా ఒకరోజు తెలుస్తుంది ఇంకోరోజు తెలీదు. బడిలో బద్ధకం అంటారు, ఇంట్లో ఫోన్ ఎక్కువైంది అంటారు, ట్యూషన్ పెడితే అక్కడి మాస్టారు అదే పదం వందసార్లు ఇంపోజిషన్ రాయిస్తారు. వందసార్లూ పుసతకమే రాస్తాడు. ఈలోపు క్లాసులో మొద్దు అన్న పేరు పడిపోతుంది, పొద్దున్నే కడుపునొప్పి అని బడి మానేయడం మొదలవుతుంది.

వాడికున్నది బద్ధకం కాదు, లెర్నింగ్ డిసెబిలిటీ. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం అంతకుముందు 7 రకాలుగా ఉన్న వైకల్యాల లిస్టుని 21కి పెంచింది, అందులో ఇదీ ఉంది, ఆటిజం కూడా ఉంది. అంటే చూపు లేనివాళ్లు, నడవలేనివాళ్లే కాదు, ఒత్తు కనపడని ఈ పిల్లాడు కూడా చట్టం లెక్కలో ఉన్నాడు. కానీ ఆ ముక్క వాళ్ల అమ్మకి చెప్పేవాళ్లు ఎవరు? ఏ ఊళ్లో ఏ తలుపు కొట్టాలి? ఈరోజు మేము మాట్లాడాలనుకున్నది దీని గురించే.

నిజానికి సాయం అసలు లేదని కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద దివ్యాంగ పిల్లల కోసం భవిత సెంటర్లు ఉన్నాయి, ఎక్కువగా మండల కేంద్రంలో ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే నడుస్తాయి. అక్కడ ఐఈఆర్పీ అని పిలిచే స్పెషల్ టీచర్లు ఉంటారు, వారానికోసారి ఫిజియోథెరపీ ఉంటుంది, సెంటర్‌కి వచ్చే పిల్లలకి ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్, తోడు వచ్చే అమ్మకో నాన్నకో ఎస్కార్ట్ అలవెన్స్ ఉన్నాయి, ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో చిన్నపిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగానే గుర్తించి చూసే డైస్ సెంటర్లు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఉంది, దేశం నలుమూలల నుంచీ అక్కడికి పిల్లల్ని తీసుకొస్తారు. ఇన్ని ఉండి కూడా పక్క వీధిలో అమ్మకి తెలియట్లేదు అంటే తప్పు ఆ అమ్మది కాదు కదా.

తెలిసినా వెళ్లడం ఇంకో కథ. మండల కేంద్రం ఆటోలో పది పన్నెండు కిలోమీటర్లు అనుకుందాం. కూలికి వెళ్లే అమ్మ వారంలో రెండు రోజులు పిల్లాడిని తీసుకెళ్లాలంటే ఆ రెండు రోజుల కూలి పోతుంది, ఆటో డబ్బులు చేతి నుంచి పెట్టుకోవాలి, అలవెన్స్ ఎప్పుడో ఒకేసారి అకౌంట్‌లో పడుతుంది. రెండు నెలలు తిరిగి మూడో నెల ఆపేస్తారు. అప్పుడు రిజిస్టర్‌లో ఆబ్సెంట్ అని పడుతుంది, ఎందుకు ఆగిపోయారో రాసే కాలమ్ ఎక్కడా ఉండదు.

ఇంకోటి సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్. మన ఊళ్లల్లో సదరం అంటే పింఛన్ కాగితం అనే అర్థం స్థిరపడిపోయింది. ఏపీలో దివ్యాంగుల పింఛన్ 6,000, తెలంగాణలో 4,016, పేదింటికి అది చాలా పెద్ద ఆసరా, దాన్ని మేము తక్కువ చేయట్లేదు. కానీ 40 శాతం దాటితేనే కాగితానికి విలువ, దాటకపోతే తిరగడం దండగ అన్న మాట ఊళ్లో పాకిపోవడం వల్ల చదువులో సాయం కావాల్సిన పిల్లలు అసలు లైన్లోకే రావట్లేదు. పైగా లెర్నింగ్ డిసెబిలిటీకి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, తర్వాత 14కి, మళ్లీ 18కి చూపించాలి. మరి అప్పటిదాకా? చట్టంలో 16వ సెక్షన్ ఏం చెప్తుందంటే ఇలాంటి ఇబ్బందిని వీలైనంత తొందరగా బడే గుర్తించి దానికి తగ్గట్టు పాఠం చెప్పాలి అని. ముందు కాగితం తెండి అప్పుడు చెప్తాం అని అందులో ఎక్కడా లేదు. ఒత్తులు ఇసుకలో వేలితో రాయించడానికి, ప్రశ్నకి జవాబు నోటితో చెప్పనివ్వడానికి, టెస్ట్‌లో ఇంకో పావుగంట ఇవ్వడానికి ఏ డాక్టర్ సంతకం కావాలి?

ఇక టీచర్ల సంగతి. శనివారం పూట ఐఈఆర్పీ టీచరమ్మ ఇంటికి వచ్చి పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది, మంచం దిగలేని పిల్లల కోసం. నులకమంచం పక్కన చాప వేసుకుని కూర్చుంటుంది, సంచీలోంచి రంగుల బ్లాకులు, స్పాంజ్ బంతి తీస్తుంది, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప వేళ్లు ఒక్కొక్కటే విప్పి ఆ బంతి పట్టిస్తుంది, పాప దాన్ని ఒక్క క్షణం పట్టుకుని వదిలేస్తే వాళ్ల నాయనమ్మ పరిగెత్తుకెళ్లి తెచ్చి మళ్లీ చేతికిస్తుంది. గంట అయ్యాక ఆ టీచరమ్మ స్కూటీ మీద ఇంకో ఊరు వెళ్లాలి. మండలం మొత్తానికీ ఒకరో ఇద్దరో, అదీ కాంట్రాక్ట్ మీద, పెట్రోల్ సొంత డబ్బులతో పోయించుకునే రోజులే ఎక్కువ. ఈ పని చేస్తున్నవాళ్ల ఓపికకి మేము చేతులెత్తి దండం పెడుతున్నాం, కానీ వాళ్ల ఓపిక మీదే ఎన్నాళ్లు నడుపుతారు?

సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లోనే చెప్పింది, ప్రైమరీలో పది మంది ఇలాంటి పిల్లలకి ఒక స్పెషల్ టీచర్, పై క్లాసుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని. 2025 మార్చిలో మళ్లీ పోస్టులు శాంక్షన్ చేయండి, రెగ్యులర్‌గా నింపండి అని రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులైతే అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు. ఏపీ 2025లో 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. ఇది ముందడుగే, సంతోషమే. కానీ ఈ కొత్త టీచర్‌ని ఎక్కడ కూర్చోబెడతారు అన్నదే అసలు విషయం. మళ్లీ మండల సెంటర్లోనే కూర్చోబెడితే ఊళ్లో పిల్లాడికి మారేది ఏమీ లేదు. టీచర్ బడులు తిరగాలి, ఫలానా మంగళవారం ఫలానా ఊరు అని తెలియాలి, క్లాస్ టీచర్ పక్కన కూర్చుని ఈ పిల్లాడికి పాఠం ఎలా చెప్పాలో చూపించాలి. ఆటో ఎక్కాల్సింది పిల్లాడు కాదు.

డబ్బు సంగతి కూడా దాచకుండా అనుకోవాలి. సమగ్ర శిక్షలో ఒక్కో దివ్యాంగ పిల్లాడికి ఏడాదికి 3,500 రూపాయలు అన్న లెక్క ఉంది, నెలకి మూడొందలు కూడా కాదు. సిటీలో ప్రైవేట్ స్పీచ్ థెరపీకి వెళ్తే నాలుగైదు సిట్టింగులకే అయిపోయే డబ్బు అది. ఆ లెక్క మారాలని రెండు ప్రభుత్వాలూ ఢిల్లీలో గట్టిగా అడగాలి.

ప్రైవేట్ బడుల్ని కూడా వదలకూడదు. అడ్మిషన్‌కి వెళ్తే పిల్లాడిని చూసి మా దగ్గర ఇలాంటివాళ్లకి ఫెసిలిటీ లేదండీ, స్పెషల్ స్కూల్‌లో వేయండి అని పంపించేయడం మామూలైపోయింది. గుర్తింపు ఉన్న ఏ బడికైనా 16వ సెక్షన్ వర్తిస్తుంది, ఫీజు తీసుకునే బడికీ వర్తిస్తుంది. అలాగే 40 శాతం పైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు 31వ సెక్షన్ ఇస్తోంది. స్పెషల్ స్కూల్ కావాలంటే అది తల్లిదండ్రులు కోరుకోవాలి, హెడ్మాస్టర్ తేల్చేది కాదు.

మేము అడుగుతున్నది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతి బడి గోడ మీద మధ్యాహ్న భోజనం మెనూ ఉంటుంది కదా, దాని పక్కనే ఈ మండలం ఐఈఆర్పీ టీచర్ పేరు, ఫోన్ నంబరు, మా బడికి వచ్చే రోజు, భవిత సెంటర్ ఎక్కడుందో నాలుగు లైన్లు పెద్ద అక్షరాలతో రాయించాలి. అంగన్‌వాడీలో కూడా రాయించాలి, ఎందుకంటే మాట ఆలస్యం, నడక ఆలస్యం ముందు కనపడేది అక్కడే. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి తర్వాత, ముందు ఈ నంబరు చదివి వినిపించాలి.

అందాకా అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లాడు వెనకపడుతున్నాడు అనిపిస్తే నోటితో చెప్పి వచ్చేయకండి, తెల్లకాగితం మీద హెచ్ఎం గారికి అర్జీ రాయండి, మా పిల్లాడిని పరీక్ష చేయించండి, తగిన సాయం ఇప్పించండి అని. తేదీ వేయండి, ఒక కాపీ మీద రిసీవ్డ్ అని సంతకం తీసుకోండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే అదే కాపీతో ఎంఈఓ ఆఫీసుకి వెళ్లండి, అక్కడా కాకపోతే జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసులో ఈ పిల్లల విభాగం చూసే కోఆర్డినేటర్ ఉంటారు, వాళ్లని అడగండి. కాగితంతో పాటు పిల్లాడి డిక్టేషన్ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి, ఆ పుసతకం అన్న పేజీ తెరిచి చూపించండి.