డఫీ డక్‌కు పంచ్ డైలాగులు అక్కర్లేదు

విజయవాడ గాంధీనగర్‌లో సినిమాలు కొని అమ్మేవాళ్లకు యానిమేషన్ అంటే వేసవి సెలవుల సరుకు. ఎండకు తాళలేక పిల్లల్ని ఏసీ హాలుకు తెచ్చేవాళ్ల కోసం పొద్దున ఒక ఆట వేస్తే సరిపోతుందని లెక్క. 2025 జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ ఆ లెక్కను కాస్త కదిలించింది. తెర మీద హీరో లేకపోయినా పెద్దవాళ్లు సైతం వారాల తరబడి చూశారు. కానీ దాన్నుంచి ట్రేడ్ పట్టుకున్నది ఒక్కటే: దేవుడి కథైతే బొమ్మలైనా ఆడతాయి. పడుతూ లేస్తూ, తన్నుకుంటూ నవ్వించే బొమ్మల సినిమాను మాత్రం ఇంకా ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

అలాంటి సినిమా ఒకటి ఉంది. ‘ది డే ది ఎర్త్ బ్లూ అప్’. 2025 మార్చి 14న అమెరికా థియేటర్లలో విడుదలైంది. దర్శకుడు పీటర్ బ్రౌన్‌గార్డ్. 1935 నాటి నత్తి పంది పోర్కీ పిగ్, 1937 నాటి అల్లరి బాతు డఫీ డక్ ఇందులో హీరోలు. ఇద్దరికీ గొంతు ఎరిక్ బౌజాదే. ఈ ఇద్దరూ పుట్టిన కార్టూన్ల వరస పేరు లూనీ ట్యూన్స్. ఆ పాత్రలతో అంతకుముందు థియేటర్లకు వచ్చినవి పాత పొట్టి చిత్రాల కూర్పులో, ‘స్పేస్ జామ్’ లాగా మనుషుల మధ్య బొమ్మలు తిరిగేవో. మొత్తం కొత్తగా, పూర్తిగా యానిమేషన్‌లో తీసిన పెద్ద సినిమా ఇదే మొదటిది.

ఇక్కడ అసలు చిక్కు నిడివి. ఈ పాత్రలు ఏడెనిమిది నిమిషాల కోసం పుట్టినవి. హానా, బార్బెరా 1940 నుంచి 1958 వరకు తీసిన 114 టామ్ అండ్ జెర్రీ చిత్రాలూ ఆ కొలతవే, ఏడు ఆస్కార్లు వచ్చిందీ ఆ కొలతకే. పెనం మొహాన పడితే నవ్వొస్తుంది. పదోసారి పడితే నవ్వాలో వద్దో తెలియదు.

మన తోలుబొమ్మలాట వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. రామాయణం తెల్లవార్లూ నడుస్తుంది. నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూకి వస్తారు, తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, జనం నిద్ర వదిలించి వెళ్లిపోతారు. రాత్రంతా కేతిగాడితోనే ఆడించమని ఏ ఊరూ అడగలేదు.

మరి గంటన్నర సినిమాకు ఏం చేయాలి? 1992లో టామ్ అండ్ జెర్రీని పెద్ద సినిమాగా తీసినప్పుడు ఇద్దరికీ మాటలిచ్చారు, పాటలిచ్చారు, తండ్రిని వెతుక్కునే ఓ చిన్నపిల్లకు సాయం చేసే స్నేహితుల్ని చేశారు. తగవు తీసేశాక ఆ పిల్లీ ఎలుకా ఎవరైతేనేం? నా దృష్టిలో అది కథ లోపం కాదు, భయం. మాటల్లేకుండా జనం అంతసేపు కూర్చోరన్న భయం.

డఫీ, పోర్కీలు మాట్లాడతారు, అయినా వాళ్ల సినిమా ఆ భయాన్ని పక్కన పెట్టింది. వీళ్లు కలిసి పెరిగారు, ఒకే ఇంట్లో ఉంటారు. ఇంటి పైకప్పుకు చిల్లు పడింది, బాగు చేయించకపోతే ఇల్లు పోతుంది. డబ్బు కోసం ఉద్యోగాలు వెతుక్కుని చివరికి బబుల్ గమ్ ఫ్యాక్టరీలో చేరతారు. ఆ గమ్ వెనకే గ్రహాంతరవాసి కుట్ర. కుట్ర కన్నా నాకు నచ్చింది పైకప్పే. పొట్టి కార్టూన్‌లో బాంబు పేలినా మరుసటి షాట్‌కు మసి కూడా ఉండదు. ఇక్కడ డఫీ చేసే ప్రతి పిచ్చిపనీ ఒక ఉద్యోగాన్ని పోగొడుతుంది, పోర్కీ టెన్షన్ ఇంకో మెట్టు పెరుగుతుంది. నవ్వుకు ఖర్చుంది కాబట్టే 91 నిమిషాలు నిలబడింది. సినిమా మధ్యలో కాస్త సాగుతుంది, అది వేరే సంగతి.

మన దగ్గరకు వచ్చేసరికి గండం డబ్బింగ్‌లో ఉంది. 2019 ‘లయన్ కింగ్’లో సింబాకు నాని, 2024 ‘ముఫాసా’కు మహేశ్‌బాబు గొంతిచ్చారు, బాగా కుదిరింది. సింహాలు మాట్లాడతాయి కాబట్టి సరిపోయింది. పడుతూ లేస్తూ నవ్వించే ఈ స్లాప్‌స్టిక్‌కు ప్రాణం మౌనంలో ఉంటుంది. కాలి కింద నేల లేదని పాత్రకు తెలిసే ఆ అర సెకనులో నవ్వు పుడుతుంది. అక్కడో టీవీ కామెడీ షో మార్కు పంచ్ దూర్చారంటే ఖతం. మాటల్లేని పాత కార్టూన్లకే గొంతులు అతికించి పిల్లల చానెళ్లలో వేస్తున్న రోజులివి, కాబట్టి ఈ భయం ఊరికే కాదు. పోర్కీ నత్తిని మన సినిమాల పాత నత్తి కామెడీగా మార్చేస్తే మరీ ఘోరం. పలకలేని మాట వదిలేసి చటుక్కున ఇంకో మాట అందుకోవడంలో ఉంది అతని తమాషా.

గాంధీనగర్‌నే తప్పుపట్టడమూ న్యాయం కాదు. ఈ బొమ్మల సొంతదారు వార్నర్ సంస్థకే వాటి మీద నమ్మకం లేదు. డఫీ సినిమాను కెచప్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న పంపిణీ సంస్థకు వదిలేసింది. పూర్తిగా తీసిన మరో లూనీ ట్యూన్స్ సినిమా ‘కయోటి వర్సెస్ యాక్మీ’ని 2023లో పన్ను మినహాయింపు కోసం అటకెక్కించబోయింది. చివరికి దాన్నీ 2025లో కెచప్పే కొనుక్కుంది.

అయినా మన హాళ్లవాళ్లు ఒకటి చేసి చూడొచ్చు. ఇలాంటి సినిమా దొరికినప్పుడు పొద్దుటి ఆటకు నెట్టేయకుండా, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల మల్టీప్లెక్సుల్లో ఆదివారం ఫస్ట్ షో ఇవ్వాలి. ఆ వేళకు పిల్లాడు ఒక్కడే రాడు. అమ్మానాన్నలు, చెల్లి, సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన తాతయ్య కూడా వస్తారు. టికెట్లు అయిదు తెగుతాయి.