విడదీస్తేనే శాంతి అనేదే అసలు పగటికల

2025 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో, ఇజ్రాయెల్ పక్కన పాలస్తీనా దేశం ఏర్పడాలనే న్యూయార్క్ ప్రకటనకు 142 దేశాలు ఓటేశాయి. అందులో మనమూ ఉన్నాం. ఆ వెంటనే బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ వరసపెట్టి పాలస్తీనాను గుర్తించాయి. ‘రెండు దేశాలే పరిష్కారం’ అని అందరూ మరోసారి ఒకే గొంతుతో పలికారు. ఆ రెండో దేశాన్ని ఎక్కడ పెడతారో మాత్రం ఎవరూ చెప్పలేదు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్‌లో దాదాపు 5 లక్షల మంది, తూర్పు జెరూసలెంలో మరో 2 లక్షలకు పైగా యూదు సెటిలర్లు ఇళ్లు కట్టుకుని స్థిరపడిపోయారు. 2005లో గాజా నుంచి 8 వేల పైచిలుకు సెటిలర్లను ఖాళీ చేయించడానికే అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని ఏరియల్ షరోన్ లాంటి మొండివాడికి తల ప్రాణం తోకకొచ్చింది. 7 లక్షల మందిని ఇప్పుడు ఎవరు కదిలిస్తారు? నెతన్యాహూనా?

మామూలు దారి మూసుకుపోయినప్పుడు వింత ప్రతిపాదనలకు గిరాకీ పెరుగుతుంది. లిబియా నేత గడాఫీ రెండు పేర్లూ కలిపి ‘ఇస్రాటిన్’ అనే ఒకే దేశం చేద్దామన్నాడు. ఇజ్రాయెల్ ప్రొఫెసర్ మోర్దెకాయ్ కేదార్‌ది ఇంకో లెక్క. వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్, నాబ్లస్ లాంటి ఒక్కో నగరాన్ని అక్కడి పెద్ద వంశాల చేతిలో పెట్టి విడివిడి ఎమిరేట్లు చేసేయాలంటాడు. 1980ల్లో ఇలాగే ‘విలేజ్ లీగ్‌లు’ పెట్టి, తమకు నచ్చిన పెద్దమనుషుల్ని పాలస్తీనీయుల నెత్తిన కూర్చోబెట్టాలని ఇజ్రాయెల్ చూసింది. జనం వాళ్లను ద్రోహులన్నారు, కథ కంచికి చేరింది. ఇక గాజాను సముద్రతీర విహారకేంద్రంగా మార్చేద్దామనే ట్రంప్ గారి ‘రివియెరా’ రియల్ ఎస్టేట్ బ్రోచర్‌కి ఎక్కువ, రాజకీయానికి తక్కువ. అందులో అక్కడి జనానికి తప్ప అన్నిటికీ చోటుంది.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టి, వింత ప్రతిపాదన అనగానే నవ్వేయడం మన విశ్లేషకులకు అలవాటైంది. కానీ ఒక ప్రతిపాదనను నేను అలా తీసిపారేయలేను. 2012లో ఇజ్రాయెలీ జర్నలిస్టు మెరాన్ రాపోపోర్ట్, బెత్లెహేం పక్కనున్న దహైషా శరణార్థి శిబిరానికి చెందిన, పాలస్తీనా పార్టీ ఫతా కార్యకర్త అవ్ని అల్ మష్ని కలిసి మొదలుపెట్టిన ఉద్యమం అది. ఇప్పుడు దాని పేరు ‘అందరికీ ఒకే నేల’. 1967 నాటి సరిహద్దులతో రెండు సార్వభౌమ దేశాలు ఉంటాయి. జెరూసలెం ఇద్దరికీ రాజధాని. మనుషుల రాకపోకలకు మాత్రం సరిహద్దు క్రమంగా తెరుచుకుంటుంది. సెటిలర్ పాలస్తీనా చట్టానికి లోబడి, ఇజ్రాయెల్ పౌరుడిగానే అక్కడ నివాసం ఉండొచ్చు. అదే పద్ధతిలో పాలస్తీనా శరణార్థి ఆ దేశ పౌరుడిగా ఉంటూనే ఇజ్రాయెల్‌లోని హైఫాలోనో, జాఫాలోనో ఇల్లు తీసుకోవచ్చు. ఓటు ఒక దేశంలో, ఇల్లు మరో దేశంలో.

ఇది జరిగే పని కాదంటారు. ఇప్పటికే జరుగుతోంది కదా! హెబ్రాన్ పక్కన కిర్యాత్ అర్బాలో ఉండే సెటిలర్ ఇజ్రాయెల్ సరిహద్దు బయట కాపురం ఉంటూ, ప్రతి ఎన్నికల్లో తన వీధిలోనే ఇజ్రాయెల్ పార్లమెంటు క్నెసెట్‌కు ఓటేస్తాడు. అతని పొరుగున ఉన్న పాలస్తీనీయుడు అదే సైన్యం కింద బతుకుతాడు గానీ ఆ సైన్యాన్ని నడిపే ప్రభుత్వాన్ని ఎన్నుకోలేడు. తూర్పు జెరూసలెంకు రండి. అది తనదేనని ఇజ్రాయెల్ అంటుంది. అక్కడి మూడున్నర లక్షలకు పైగా పాలస్తీనీయుల్లో అత్యధికుల దగ్గర ఉన్నది పౌరసత్వం కాదు, శాశ్వత నివాస హక్కు. మునిసిపల్ ఎన్నికల్లో ఓటుంది, క్నెసెట్‌కు లేదు. పేరుకే శాశ్వతం, ‘జీవన కేంద్రం’ ఇక్కడేనని రుజువు చేసుకోవాలి. కరెంటు బిల్లులు, మునిసిపల్ పన్ను రసీదులు, పిల్లల బడి సర్టిఫికెట్లు అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. పెళ్లయి వెస్ట్ బ్యాంక్‌లోని రమల్లాలో కాపురం పెడితే పుట్టిన ఊళ్లో ఉండే హక్కే పోవచ్చు. 1967 నుంచి 14 వేల మందికి పైగా ఇలా ఆ హక్కు కోల్పోయారు.

అంటే పౌరసత్వాన్నీ నివాసాన్నీ విడదీసే ఏర్పాటు ఆ నేల మీద దశాబ్దాలుగా నడుస్తోంది. ఒకడికి హక్కుగా, ఇంకొకడికి దయాధర్మంగా. ఇద్దరికీ ఒకే కాగితం, ఒకే షరతులు ఇవ్వండి అంటున్నారు ‘అందరికీ ఒకే నేల’ వాళ్లు, అంతే. రమల్లాలో కూరగాయలు కొన్నా ఇచ్చేది ఇజ్రాయెల్ కరెన్సీ షెకెలే. 1994 పారిస్ ఒప్పందం ప్రకారం పాలస్తీనా దిగుమతుల మీద సుంకం వసూలు చేసేదీ ఇజ్రాయెలే. ఇంతగా పెనవేసుకున్నవాళ్ల మధ్య గోడ కట్టి రెండు దేశాలంటేనే నాకు వింతగా ఉంటుంది.

2023 అక్టోబర్ 7 తర్వాత సరిహద్దులు తెరవమనడం పిచ్చితనం అనే ఇజ్రాయెలీల భయాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఆ రోజు గాజా నుంచి వచ్చిన హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని ఎత్తుకెళ్లారు. సెటిలర్లను ఉండనివ్వడమంటే కబ్జాకు పట్టా ఇవ్వడమేనని పాలస్తీనీయులకూ మంట ఉంటుంది, అందులోనూ గాజాలో 70 వేల మందికి పైగా చనిపోయారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క చెబుతున్నప్పుడు. కానీ ఆ దాడి తెరిచిన సరిహద్దు నుంచి రాలేదు. సెన్సార్లు, భూగర్భ గోడతో 2021లోనే పూర్తిచేసిన కంచెను తెంచుకుని వచ్చింది.

ఈ గోడల రాజకీయం మన గడప దాకా కూడా వచ్చింది. యుద్ధానికి ముందు దాదాపు లక్షన్నర మంది పాలస్తీనీయులు ఇజ్రాయెల్‌లో పనిచేసేవారు. ఎక్కువమంది భవన నిర్మాణంలోనే. దాడి తర్వాత వాళ్ల పర్మిట్లు ఆపేశారు, క్రేన్లు ఆగిపోయాయి. ఆ ఖాళీలు నింపడానికి ఉత్తరప్రదేశ్, హర్యానాల తర్వాత 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. షట్టరింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పని తెలిసినవాళ్లు కావాలి, నెలకు లక్షా ముప్పై వేలకు పైగా జీతం అన్నారు. క్షిపణులు పడుతున్న చోటికి మనవాళ్లు లైన్లో నిలబడ్డారు. వాళ్లను తప్పుపట్టను, ఇక్కడ ఆ జీతం ఎవడిస్తాడు? కానీ పక్క ఊరి మేస్త్రీని గోడ అవతల ఆపి, వేల కిలోమీటర్ల నుంచి మేస్త్రీని తెచ్చుకోవడాన్ని ‘వేరుపడటం’ అనలేం. మనిషి చెయ్యి కావాలి, అతను ఆ నేల నాది అనకూడదు. గల్ఫ్‌కు వెళ్లొచ్చిన ఏ కరీంనగర్ కుటుంబాన్ని అడిగినా ఈ పద్ధతి గురించి గంటసేపు చెబుతారు.

ఈ వ్యవహారంలో మన సర్కారు పాత్ర కూలీల సరఫరా దగ్గర ఆగిపోవడమే నాకు అసలు బాధ. 1947లో పాలస్తీనా మీద ఐక్యరాజ్యసమితి వేసిన 11 దేశాల కమిటీలో మనమూ ఉన్నాం. మెజారిటీ సభ్యులు విభజన అన్నారు. భారత్, ఇరాన్, యుగోస్లావియా మాత్రం వేరే నివేదిక ఇచ్చాయి. జెరూసలెం రాజధానిగా ఒకే ఫెడరల్ దేశం, అందులో అరబ్, యూదు రాష్ట్రాలు, రెండు చట్టసభలు. ఒకటి జనాభా ప్రాతిపదికన, రెండోది ఇద్దరికీ సమానంగా. సొంత దేశం నెత్తురోడుతూ రెండు ముక్కలైన ఏడాదే ఆ మాట అనగలిగిన తెగువ అది. అటు అరబ్బులూ ఇటు యూదులూ ఒప్పుకోలేదు, విభజనే గెలిచింది. ఫలితం అప్పటి నుంచీ చూస్తున్నాం.

ఇప్పుడు ఢిల్లీ నుంచి వచ్చే ప్రకటనలన్నీ ఒకే అచ్చు: ఆందోళన వ్యక్తం చేస్తున్నాం, చర్చలు జరగాలి, రెండు దేశాల పరిష్కారానికి కట్టుబడి ఉన్నాం. ఇజ్రాయెల్‌తో ఆయుధాల దోస్తీ ఉంది, పాలస్తీనాను 1988లోనే గుర్తించిన పేరుంది. ఇద్దరితోనూ మాట్లాడగలిగే దేశాలు ఎన్నున్నాయి? మేస్త్రీల కోసం ఒప్పందాలు చకచకా కుదుర్చుకున్న విదేశాంగ శాఖకు, రాపోపోర్ట్‌నూ మష్నినీ ఢిల్లీకి పిలిచి ఒక పూట కూర్చోబెట్టి వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.