అంతరాత్మకు ఐదు మార్కులు

మా అక్క కొడుకు హనుమకొండలో ఒక క్యాంపస్‌లో చదువుతున్నాడు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "మామా, నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పరాదు" అన్నాడు. గుండె ఝల్లుమంది, అక్కకు ఏమైనా తెలిసిందేమోనని. తీరా చూస్తే అది అసైన్‌మెంట్. ఈ వారం చేసిన ఒక నైతిక తప్పిదం మీద 200 పదాల్లో ఆత్మపరిశీలన రాయాలి. గడువు శుక్రవారం, ఆలస్యమైతే మార్కులు కట్. క్లాసులో సగం మంది నల్లా కట్టేయడం మరిచిపోయామని రాశారట, మిగతా సగం వాళ్ళది చూసి రాశారట.

"కాపీ కొట్టిన అని రాయిరా."

"అది ఇద్దరు రాసిండ్రు మామా."

అంతరాత్మకు కూడా లాస్ట్ డేట్ పెట్టిన మన చదువులను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. పూర్వం ఈ క్రమశిక్షణ లేదు. 1969లో ఈ ఊరి విద్యార్థులు తెలంగాణ కోసం రోడ్డెక్కారు, 2009లో ఇంకో తరం ఎక్కింది. ఎవరికీ ఒక్క క్రెడిట్ రాలేదు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసినవాళ్ళలో ఒక్కరైనా హాజరు వేయించుకున్నారా? కాలేజీ పిల్లల సేవా పథకం ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళు చేస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది. పాపం, ఎన్ని సర్టిఫికెట్లు పోగొట్టుకున్నారో!

నిబంధనల్లోనూ మనకు సాటి లేదు. విద్యార్థి ఎన్నికల్లో అభ్యర్థి 5,000 రూపాయలు మించి ఖర్చు పెట్టొద్దని 2006లో లింగ్డో కమిటీ చెప్పింది. మన రాష్ట్ర వర్సిటీల్లో ఒక్క రూపాయి దాటితే ఒట్టు. 1988లోనే ఎన్నికలు ఆపేశాం కదా.

ఇక మావాడి సంగతి. విలువల వారోత్సవం అన్నారు, సెమినార్ హాల్‌లో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద గాంధీ చిన్నగా, ముఖ్య అతిథి పెద్దగా. పిల్లలంతా కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశారు, ఎడమచేత్తో వీడియో తీసుకున్నారు. అతిథి శ్రమ గౌరవం మీద గంటన్నర మాట్లాడారు. ఆ గంటన్నరా మెస్‌లో పనిచేసే అవ్వ టీ ట్రే పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. ఒకసారి లోపలికి అడుగు వేయబోతే ముందు వరుసలోంచి ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు, ప్రసంగానికి డిస్టర్బెన్స్ అని. కప్పుల్లో టీ మీద మీగడ కట్టింది.

చివర్లో "ప్రశ్నలుంటే అడగండి" అన్నారు. అది మర్యాదకు అనే మాటని మావాడికి తెలియదు. లేచి, "సార్, మెస్‌ల పనిచేసేటోళ్ళకు మూడు నెలలసంది జీతాల్లేవు. ఇదేం నీతి?" అన్నాడు. అసైన్‌మెంట్ ఇచ్చిన సారు తడబడితే ఒట్టు. "వెరీ గుడ్. కేస్ స్టడీగా రాసుకురా, ఐదు మార్కులేస్తా."

ఎన్ఎస్ఎస్ నినాదం 'నాట్ మీ బట్ యూ' అని విన్నాను కానీ, అమలు ఎలా ఉంటుందో మావాడి కేస్ స్టడీలోనే చూశాను. కాంట్రాక్టర్‌ని అడిగితే ఆఫీసు బిల్లు పాస్ చేయలేదన్నాడు. ఆఫీసును అడిగితే జీతాలిచ్చే బాధ్యత కాంట్రాక్టర్‌దే అన్నది. నేను కాదు నువ్వు, నువ్వు కాదు నేను కాదు. ఇంత ఆదర్శంగా ఏ నినాదమూ నడిచి ఉండదు.

ఐదు మార్కుల మాట హాస్టల్లో పాకింది. మర్నాటి నుంచి అవ్వ దగ్గర క్యూ. అంట్లు తోముతుంటే ఒక బ్యాచ్, అన్నం వారుస్తుంటే ఒక బ్యాచ్. 'మీ మనోభావాలు చెప్పండి' అని ఒకమ్మాయి ఫోన్ ముందు పెడితే, "గిన్ని దినాలకు గింతమంది అడుగుతుండ్రు బిడ్డా, ఇచ్చేటోడే వస్తలేడు" అందట. ఆ మాట చాలా రిపోర్టుల్లో హెడ్డింగ్ అయింది.

మావాడికి ఐదుకు ఐదు వచ్చాయి. అవ్వ కష్టంతో మార్కులు కొట్టేశానని బాధపడి, శుక్రవారం అసైన్‌మెంట్‌లో అదే తప్పిదంగా రాశాడు. నిజాయితీకి మెచ్చి సారు ఇంకో ఐదు వేశారు.

ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళ సమ్మతి లేకుండా రిపోర్టు చెల్లదట, అందుకని ప్రతి రిపోర్టు చివర అవ్వ సంతకం ఉంది. మావాడు లెక్కపెట్టాడు, ముప్పై ఎనిమిది. మొదటి నాలుగైదు వంకరగా ఉన్నాయట, చివరికొచ్చేసరికి గుండ్రంగా, గీత తడబడకుండా వచ్చిందట. జీతాల రిజిస్టర్‌లో పెట్టేందుకు చెయ్యి బాగానే తిరిగింది. రిజిస్టరే ఇంకా తెరవలేదు.