తీసిన డెక్క కాదు, మిగిలిన డెక్క లెక్క చూడాలి

హైదరాబాద్ చెరువుల్లో గుర్రపు డెక్కను ఒకసారి దగ్గరగా చూడండి. కాడ మొదట్లో ఉల్లిగడ్డంత బుడిపె, లోపలంతా గాలి. కింద కుచ్చులా వేలాడే నల్లటి వేళ్లు, వాటి మధ్య దోమ పిల్లలు. పక్కకు సాగిన తీగ చివర అప్పటికే ఒక పిల్ల మొక్క ఉంటుంది.

వేడి, మురుగు రెండూ దొరికితే ఇది రెండు వారాల్లో రెట్టింపవుతుంది. చెరువంతా తీసి ఓ మూల పదో వంతు వదిలేస్తే, నాలుగు వారాలకు అయిదింట రెండు వంతులు కమ్మేస్తుంది. ఏడో వారానికి మళ్లీ నీళ్లు కనిపించవు. అందుకే ఏడాదికోసారి యంత్రం దించి, ఫొటో తీసి, బిల్లు పెట్టే పద్ధతి నాకు శుద్ధ దండగ అనిపిస్తుంది.

మా కాలనీ చెరువులో రెండేళ్ల క్రితం అదే జరిగింది. తీసిన డెక్కను కట్ట వాలులోనే పోశారు. తొలి వానకు కుళ్లిన రసం, బతికున్న మొక్కలు కలిసి మళ్లీ నీళ్లలోకే జారాయి. సద్దుల నాడు ఆడవాళ్లు కర్రలతో డెక్క నెట్టుకుని బతుకమ్మలు వదలాల్సి వచ్చింది.

మందు కొడితే పోదా అంటారు. పోతుంది, కానీ చచ్చిన మొక్క అడుగుకు చేరి కుళ్లుతుంది, నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి. బురదలోని గింజలు ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితోనే ఉంటాయి. 1980లలో బెంగళూరులో వదిలిన ముక్కుపురుగులు ఈ మొక్కను బాగానే తిన్నాయి. అయితే వాటికి కొన్నేళ్ల గడువు కావాలి, పైగా మందు కొట్టి మేతంతా చంపేస్తే అవీ బతకవు.

డెక్కకు అసలు మేత మురుగులోని నత్రజని, భాస్వరం. మామూలు శుద్ధి కేంద్రం వీటిని పూర్తిగా తీయలేదు. కాబట్టి మురుగు మళ్లింపు పూర్తయ్యేదాకా డెక్క వస్తూనే ఉంటుంది, తీస్తూనే ఉండాలి. ఆ పని అక్కడి మత్స్య సహకార సంఘానికి ఏడాది పొడవునా ఇవ్వాలి. తీసిన బరువుకు కాదు, ప్రతి నెలా ఖాళీగా కనిపించే నీటికి డబ్బు కట్టాలి. మొక్కలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే కాబట్టి, కట్టకు అవతల ఆరబెట్టి మోస్తే లారీల ఖర్చూ తగ్గుతుంది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చోట మాత్రం పరీక్ష చేయకుండా ఎరువుగా ఇవ్వొద్దు, ఆ వేళ్లు భార లోహాలను పీల్చుకుంటాయి.

వల చిరిగేది ఆ సంఘం జాలర్లదే కనుక, ఒడ్డున నాలుగు మొక్కలు తేలినప్పుడే ముందు చూసేదీ వాళ్లే.