మొత్తాలు చూసి కలిస్‌కు మొదటి స్థానమా?

క్రికెట్‌లో గొప్ప ఆల్‌రౌండర్లు ఎవరన్న మీ వ్యాసంలో టెస్టు పరుగులు, వికెట్ల మొత్తాలు చూసి దక్షిణాఫ్రికా ఆటగాడు జాక్ కలిస్‌కు మొదటి స్థానం ఇచ్చారు. 13,289 పరుగులు, 292 వికెట్లు మామూలు విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన ఆడింది 166 టెస్టులు. వెస్టిండీస్ ఆటగాడు గ్యారీ సోబర్స్ 93 టెస్టుల్లోనే 8,032 పరుగులు చేశాడు, 235 వికెట్లు తీశాడు. పైగా కొత్త బంతితో ఎడమచేతి పేస్ వేసి, అదే మనిషి తర్వాత స్పిన్ కూడా వేసేవాడు. అలాంటివాణ్ని మళ్లీ చూడలేదు. నా ఓటు ఆయనకే.

పాకిస్థాన్ ఆల్‌రౌండర్ ఇమ్రాన్ ఖాన్ బౌలింగ్ సగటు, అంటే ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు, 22.81. ఆయన గొప్పతనం గురించి వాదనే లేదు.

నాకు బాధ కలిగించింది మాత్రం కపిల్ దేవ్‌ను ఒక్క వాక్యంతో సరిపెట్టడం. 1981 మెల్‌బోర్న్ టెస్టు గుర్తు చేసుకోండి. ఆస్ట్రేలియాకు కావాల్సింది 143 పరుగులే. తొడ కండరం పట్టేసిన కపిల్ నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ తీసుకుని బంతి పట్టాడు. 28 పరుగులకు 5 వికెట్లు! ఆస్ట్రేలియా 83కే ఆలౌట్. ఆ కాలంలో మన జట్టులో అవతలి ఎండ్ నుంచి సాయం చేసే పేసర్ ఎక్కడున్నాడు? 131 టెస్టులూ ఆ భారం మోస్తూనే 5,248 పరుగులు కూడా చేశాడు. ఈ కష్టం ఏ పట్టికలో కనిపిస్తుంది చెప్పండి?